పూల దుకాణం బొకేనా, సూపర్‌మార్కెట్ పూలా: హైదరాబాద్‌లో ఏ అవసరానికి ఏవి కొనాలి

పూలు కొనబోయే మనిషి ముందుగా ధర అడుగుతాడు. అంతకంటే ముందు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది: ఆ కాడ మొక్క నుంచి తెగి ఎంతసేపయింది, తెగినప్పటి నుంచి మన చేతికి వచ్చేదాకా నీటిలో ఉందా, చల్లని చోట ఉందా? పూల దుకాణంలో కట్టించుకున్న బొకే మంచిదా, కూరగాయలతోపాటు సూపర్‌మార్కెట్ బుట్టలో వేసుకునే పూలు మంచివా అని ఆలోచించేవారిలో చాలామంది ఈ సంగతి పట్టించుకోకుండా, ఒకటి ఖరీదు, మరొకటి చవక అన్న దగ్గరే ఆగిపోతారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఎవరికైనా ఇవ్వడానికైతే పూల దుకాణంలో కళ్లెదుట కట్టించిన బొకే తీసుకోవాలి. ఇంట్లో వారం రోజులు చూసుకోవడానికైతే కట్టలుగా అమ్మే కాడల పూలు చాలు, అవి సూపర్‌మార్కెట్‌లో దొరికినా సరే. దేవుడి గదికైతే ఈ రెండూ అక్కర్లేదు, బజారులో తూకానికో మూరకో దొరికే విడిపూలే తగినవి. ఒక అవసరానికి కొనవలసినవాటిని మరో అవసరానికి కొన్నప్పుడే డబ్బూ పూలూ రెండూ వృథా అవుతాయి.

హైదరాబాద్‌కు పూలు చాలా దారుల్లో వస్తాయి. బంతి, చామంతి, నాటు గులాబీ, బజారులో లిల్లీ అని పిలిచే నేలసంపెంగ వంటివి చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు పొలాల నుంచి తెల్లవారేసరికే మెహిదీపట్నం దగ్గరి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు చేరతాయి. జెర్బెరా కూడా నగరం చుట్టుపక్కల పాలీహౌస్‌లలో పండుతుంది. పొడవాటి కాడల డచ్ గులాబీలు మాత్రం ఎక్కువగా హోసూరు, బెంగళూరు ప్రాంతాల నుంచి సుమారు 600 కిలోమీటర్లు ప్రయాణం చేసి వస్తాయి. కార్నేషన్లు నీలగిరుల వంటి చల్లని కొండల పంట, బొకేల్లో కనిపించే ఊదారంగు ఆర్కిడ్లలో చాలా భాగం థాయిలాండ్ నుంచి విమానంలో దిగేవి. పంజాగుట్టలోనో బంజారాహిల్స్‌లోనో ఉన్న పూల దుకాణానికైనా, మీ కాలనీ సూపర్‌మార్కెట్‌కైనా సరుకు చాలావరకు ఈ దారుల్లోనే వస్తుంది కాబట్టి, పుట్టుకతో ఒకటి గొప్ప, మరొకటి తక్కువ అనడానికి ఆధారం లేదు. నగరంలోకి వచ్చిన తరువాత వాటిని ఎవరు ఎలా చూసుకున్నారన్నదే తేడా.

పూల దుకాణంలో మనం ఇచ్చే డబ్బు దేనికి

మంచి పూల దుకాణంలో పని తెల్లవారుజామునే మొదలవుతుంది. వచ్చిన కట్టలను విప్పి, కాడల అడుగున ఉన్న ఆకులు, ముళ్లు తీసేసి, చివర్లు కొత్తగా కోసి, కొన్ని గంటలపాటు లోతైన నీటిలో నిలబెడతారు. ప్రయాణంలో ఎండిన కాడ మళ్లీ నిండుగా నీరు తాగేది ఈ సమయంలోనే. ఈ పని జరగకుండా కాగితంలో చుట్టేసిన గులాబీ చూడటానికి నిండుగానే ఉన్నా, మరునాటికి మెడ వాల్చేస్తుంది. కాడలోకి గాలి బుడగ చేరి నీటి దారిని మూసేయడమే దానికి ప్రధాన కారణం. అందుకే దుకాణంలోకి అడుగుపెట్టగానే అలంకరించి పెట్టిన బొకేల వైపు కాక, పూలను నిలబెట్టిన బకెట్ల వైపు చూడండి. నీరు తేటగా ఉండి, వాసన లేకుండా, కాడల కొసలు పచ్చగా ఉంటే ఆ దుకాణదారుకు పని తెలుసు. నీరు మురిగి, కాడలకు జిగురు పట్టి ఉంటే పైన ఎంత అందమైన రిబ్బను కట్టినా ప్రయోజనం లేదు.

ముందుగానే కట్టి వరుసగా నిలబెట్టిన బొకేలను నేను సిఫారసు చేయను. ముఖ్యంగా ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీల ఎండలో రోడ్డుకు అభిముఖంగా పెట్టినవి అసలు వద్దు. అవి ఎప్పుడు కట్టినవో కొనేవారికి తెలిసే మార్గం లేదు, పైగా వడలిన పూల మీద నీళ్లు చిలకరిస్తే కాసేపు తాజాగానే కనిపిస్తాయి. బకెట్‌లోంచి మీరే కాడలు ఎంచుకుని, వాటితోనే కట్టమని అడగండి. పది నిమిషాలు నిలబడవలసి వస్తుంది కానీ, పూల దుకాణానికి వెళ్లినందుకు దక్కే అసలు లాభం ఇదే. ఎవరికి ఇస్తున్నారు, ఏ సందర్భానికి, ఎంతసేపట్లో ఇవ్వాలి అన్న మూడు మాటలు చెబితే, అనుభవమున్న దుకాణదారు ఏ పూలు వద్దో కూడా చెబుతాడు. సూపర్‌మార్కెట్‌లో ఇలా చెప్పే మనిషి ఉండడు.

బొకే కట్టే తీరులోనూ తేడా ఉంది, దాన్ని బట్టే పూల ఆయుష్షు మారుతుంది. కాడలను పొడవుగా ఉంచి చేత్తో గుత్తిగా కట్టే బొకేను ఇంటికి వెళ్లాక దారం విప్పి నేరుగా నీళ్ల పాత్రలో పెట్టుకోవచ్చు. బుట్టలోనో, విసనకర్ర ఆకారంలోనో అమర్చేవాటిలో కాడలను పొట్టిగా కోసి, తడిపిన పచ్చని స్పాంజిలో గుచ్చుతారు. స్పాంజి తడి ఆరనంతవరకు పూలు బాగుంటాయి కాబట్టి వేదిక మీద అలంకరణకు అది సరిపోతుంది. తరువాత వాటిని పాత్రలోకి మార్చుదామంటే కాడ సరిపోదు. కొన్ని చోట్ల పువ్వు తలను తీగకు గుచ్చి నిలబెడతారు, అలాంటి పువ్వుకు నీరు అందే అవకాశమే లేదు. ఇక ఆ పచ్చని స్పాంజి మట్టిలో కలిసే పదార్థం కాదు. 1954లో అమెరికాలో ఒయాసిస్ పేరుతో మొదలైన ఈ నురుగు పదార్థం పొడిపొడిగా విడిపోయి సూక్ష్మ ప్లాస్టిక్ ముక్కలుగా మిగులుతుందన్న కారణంతో, ఇంగ్లండ్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన పూల ప్రదర్శనల్లో దాన్ని నిషేధించింది. చేత్తో కట్టిన బొకే అడగడానికి ఇది రెండో కారణం, నా దృష్టిలో మొదటిదాని కంటే చిన్నదేమీ కాదు.

సూపర్‌మార్కెట్ పూలలో రెండు రకాలు

మన నగరంలోని సూపర్‌మార్కెట్లలో పూలు అంటే ప్రధానంగా రెండు. ఒకటి పూజకోసం పొట్లాలుగా కట్టిన విడిపూలు, రెండోది బిల్లు కౌంటరు దగ్గరో, కూరగాయల వరుస చివరో పెట్టే కాడల కట్టలు, చిన్న బొకేలు. కాడల కట్టల విషయంలో సూపర్‌మార్కెట్‌కు నిజమైన అనుకూలత ఉంది. లోపల ఏసీ ఉంటుంది, ధర అట్ట మీద రాసి ఉంటుంది, బేరం ఆడవలసిన అవసరం రాదు, పండగ రోజున మనిషిని చూసి ధర చెప్పే పరిస్థితి ఉండదు. చుట్టిన కాగితానికి, రిబ్బనుకు, కట్టిన చేతి పనికి డబ్బు చెల్లించనవసరం లేదు కాబట్టి కాడ ఒక్కింటికి లెక్క వేస్తే సాధారణంగా చవకే అవుతుంది.

అయితే ఆ లెక్క వేయాలి. ఉదాహరణకు పూల దుకాణంలో 12 గులాబీల బొకే 600 రూపాయలు, సూపర్‌మార్కెట్‌లో 6 గులాబీల కట్ట 270 రూపాయలు అనుకుందాం. చూడగానే రెండోది సగం కంటే తక్కువ అనిపిస్తుంది కానీ, కాడకు లెక్క వేస్తే మొదటిదానిలో 50 రూపాయలు, రెండోదానిలో 45 రూపాయలు. కాడకు ఐదు రూపాయల తేడాకు ఎంపిక చేసుకునే స్వేచ్ఛను, పనితనాన్ని వదులుకోవడం బహుమతి విషయంలో తెలివైన పని కాదు. టోకు బజారులో డచ్ గులాబీలు సాధారణంగా 20 కాడల కట్టగా, జెర్బెరాలు 10 కాడల కట్టగా వస్తాయన్న సంగతి గుర్తుంటే ఏ లెక్కయినా తేలికవుతుంది.

సూపర్‌మార్కెట్ పూలకు పెద్ద శత్రువు పక్కనే ఉంటుంది, అది పండ్ల వరుస. మాగే అరటి, మామిడి, ఆపిల్ వంటి పండ్లు ఇథిలీన్ అనే వాయువును వదులుతాయి. పండును మాగించే ఆ వాయువే పువ్వును త్వరగా వడలగొడుతుంది. దానికి అందరికంటే ముందు లొంగేది కార్నేషన్: రేకులు లోపలికి ముడుచుకుని, నిద్రపోయినట్టు అయిపోతుంది, మళ్లీ విచ్చుకోదు. ఆర్కిడ్ల మొగ్గలు రాలిపోతాయి. అందువల్ల పండ్ల పక్కన పెట్టిన కార్నేషన్లను, ఆర్కిడ్లను ఎంత చవకగా ఇచ్చినా కొనవద్దు. జెర్బెరా, చామంతి ఆ గాలికి అంతగా లొంగవు కాబట్టి అక్కడ కొనదగినవి అవే. పొట్లం మీద వేసిన తేదీ ప్యాక్ చేసిన తేదీ మాత్రమే, పూలు కోసిన తేదీ కాదు. ప్లాస్టిక్ లోపల నీటి బిందువులు పట్టి, రేకుల మీద గోధుమరంగు చుక్కలు కనిపిస్తే బూజు మొదలైనట్టే, ఇంటికి చేరాక అది ఆగదు.

తాజాదనం ఎలా తెలుసుకోవాలి

ఇది నేర్చుకుంటే ఎక్కడ కొన్నా మోసపోరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. గులాబీలో రేకులు కాడతో కలిసే కింది భాగాన్ని రెండు వేళ్లతో మెల్లగా పట్టి చూడాలి. గట్టిగా ఉంటే కొత్తది, మెత్తగా నొక్కుకుపోతే పాతది. అన్నిటికంటే బయట ఉండే రెండు మూడు రేకులు కాస్త మచ్చలతో, ముతకగా ఉండటం దోషం కాదు, లోపలి రేకులను కాపాడేవి అవే. కొందరు దుకాణదారులు వడలిన రేకులను ఒక్కొక్కటే తీసేసి పువ్వును మొగ్గలా చేస్తారు, కాబట్టి బయటి రేకులు ఒక్కటీ లేకుండా మరీ నున్నగా ఉన్న గులాబీని అనుమానించడమే మంచిది.

చామంతిలో పువ్వు కంటే ముందు ఆకు ముసలిదవుతుంది, ఆకులు పసుపు తిరిగి ఉంటే ఆ కట్ట వదిలేయండి. జెర్బెరా మధ్యలోని చక్రంలో బయటి వరుస మాత్రమే విచ్చి, పుప్పొడి కనిపిస్తుంటే అది సరైన దశ. మధ్య భాగమంతా పుప్పొడితో నిండిపోయి ఉంటే దాని రోజులు దగ్గరపడ్డాయి. కార్నేషన్ మధ్య నుంచి తెల్లని వంకర పోగులు బయటికి వచ్చి ఉంటే తీసుకోకూడదు. నేలసంపెంగ, గ్లాడియోలస్ కింది నుంచి పైకి విచ్చుకుంటాయి కాబట్టి అడుగున ఒకటి రెండు పూలు విచ్చి, మిగిలినవి మొగ్గలుగా ఉన్న కాడే మేలు. ఆర్కిడ్‌లో కొసన మొగ్గలు మూసుకుని ఉండాలి. నీలిరంగు గులాబీలు, ముదురు నీలం ఆర్కిడ్లు రంగు పట్టించినవే. వాటిని ఇవ్వడంలో తప్పేమీ లేదు కానీ, ఆ రంగు తడికి కారుతుంది కాబట్టి పట్టుచీర కట్టుకున్నవారి చేతికి అందించకండి.

ఏ సందర్భానికి ఏది

సన్మాన సభకు, పదవీ విరమణకు, పెళ్లి రిసెప్షన్‌కు ఇచ్చే బొకేను పుచ్చుకున్నవారు చేతిలో పట్టుకునేది నిమిషమే, ఆ తరువాత అది వేదిక పక్కన కుప్పలో చేరుతుంది. అక్కడికి పెద్ద మొత్తం పెట్టి ఆర్కిడ్లు కట్టించడం నాకు సమంజసంగా తోచదు. చేత్తో కట్టిన చిన్న గులాబీల గుత్తి చాలు, సూపర్‌మార్కెట్ బొకే తాజాగా ఉంటే అదీ సరిపోతుంది. పుట్టినరోజు, పెళ్లిరోజు వంటివాటికి మాత్రం పూల దుకాణానికే వెళ్లండి. అక్కడ మనిషికి తగిన రంగు, ఇష్టమైన పువ్వు చూసి కట్టించే వీలుంటుంది, ఆ శ్రద్ధ పుచ్చుకునేవారికి తెలుస్తుంది.

ఆసుపత్రికి తీసుకువెళ్లేముందు అడిగి తెలుసుకోవాలి. ఐసీయూలోకి సాధారణంగా పూలు అనుమతించరు, కొన్ని వార్డులలోనూ వద్దంటారు. అనుమతి ఉన్నచోట కూడా నేలసంపెంగ, పెద్ద లిల్లీ వంటి ఘాటైన వాసన గలవి మానేసి, జెర్బెరాలో కార్నేషన్లో ఇవ్వడం మేలు. అక్కడ నీళ్ల పాత్ర దొరకదు కనుక, వేదిక అలంకరణ కాక స్పాంజి బుట్ట పనికివచ్చే సందర్భం ఇదొక్కటే అనుకుంటాను. గృహప్రవేశానికైతే ఇంటివారు ఆ రోజు పువ్వులను నీళ్లలో పెట్టుకునే తీరికలో ఉండరు, బొకే కంటే కుండీలో మొక్క ఇవ్వడం వారికి ఎక్కువ ఉపయోగం. పిల్లిని పెంచుకునే ఇంటికి బొకేల్లో వాడే పెద్ద లిల్లీలు ఎట్టి పరిస్థితిలోనూ పంపకండి. ఆకు, రేకు, పుప్పొడి, చివరికి ఆ పాత్రలోని నీరు కూడా పిల్లి మూత్రపిండాలను దెబ్బతీసి ప్రాణం తీయగలవు.

పూజ సంగతికి వస్తే, డచ్ గులాబీకి రంగు, నిలకడ ఉన్నాయి కానీ సువాసన దాదాపుగా ఉండదు. దూర ప్రయాణాన్ని తట్టుకునేలా, ఎక్కువ రోజులు నిలిచేలా ఎంపిక చేస్తూ వచ్చిన రకాలలో వాసన వెనకబడిపోయింది. దేవుడికి నాటు గులాబీ, చామంతి, మల్లె, కనకాంబరం, మరువం, దవనం సమర్పించడంలో ఉన్న తృప్తి సెల్లోఫేన్‌లోంచి తీసిన పువ్వుతో రాదు. కాలనీ మలుపులో గంపతో కూర్చునే అమ్మ దగ్గరో, మోండా మార్కెట్‌లోనో, ఇంట్లో వ్రతమో శుభకార్యమో ఉండి కిలోల లెక్కన కావాలంటే తెల్లవారుజామున గుడిమల్కాపూర్‌లోనో కొనడం అన్ని విధాలా మంచిది. సూపర్‌మార్కెట్ పొట్లం ఉదయం తీరిక లేనివారికి సౌకర్యమే, కానీ తూకం చూసి బయటి ధరతో పోల్చి కొనండి.

కాలాన్ని బట్టి కూడా నిర్ణయం మారాలి. ఫిబ్రవరి 14న ఎర్ర గులాబీ ధర అన్నిచోట్లా పెరుగుతుంది, పైగా ఆ రోజుకోసం ముందునుంచీ శీతల గిడ్డంగుల్లో దాచిన సరుకు కూడా బయటికి వస్తుంది. ఆ వారం గులాబీ కాకుండా కార్నేషన్, జెర్బెరా కట్టిస్తే తక్కువ డబ్బుకు తాజా పూలు దొరుకుతాయి. మాఘ, ఫాల్గుణ, వైశాఖ మాసాల ముహూర్తాలకు, శ్రావణ శుక్రవారాలకు, బతుకమ్మ, దసరా, దీపావళి రోజులకు గిరాకీ ఎక్కువ. ఆషాఢంలోనూ, మూఢంలోనూ పెళ్లిళ్లు ఉండవు కనుక పూల దుకాణాలలో బేరానికి అప్పుడు వీలుంటుంది.

ఇంటికి తెచ్చాక చేయవలసింది కొంచెమే. దారిలో స్కూటరు మీద గాలికి ఎండకుండా తడి గుడ్డ కాడలకు చుట్టాలి, ఎండలో నిలిపిన కారులో ఐదు నిమిషాలు కూడా వదలకూడదు. శుభ్రంగా తోమిన పాత్రలో నీరు పోసి, మునిగే ఆకులన్నీ తీసేసి, కాడ కొసను రెండు సెంటీమీటర్ల మేర ఏటవాలుగా కోసి పెట్టాలి. లీటరు నీటికి ఒక చెంచా పంచదార, రెండు చెంచాల నిమ్మరసం, పావు చెంచా బ్లీచింగ్ ద్రావణం కలిపితే పువ్వుకు ఆహారమూ అందుతుంది, నీరూ మురగదు. జెర్బెరా కాడ నూగుతో ఉండి త్వరగా కుళ్లుతుంది కాబట్టి దానికి నాలుగు వేళ్ల లోతు నీరు చాలు. వేసవిలో రోజూ నీరు మార్చాలి. పాత్రను సీలింగ్ ఫ్యాను కింద పెట్టకూడదు, ఆ గాలికి కాడ తాగగలిగిన దానికంటే ఎక్కువ నీరు రేకుల నుంచి ఆవిరైపోతుంది. తల వాల్చిన గులాబీని పారేయకుండా, కొస మళ్లీ కోసి, కాడా పువ్వూ మొత్తం గోరువెచ్చని నీటిలో అరగంట ముంచి ఉంచితే చాలాసార్లు తేరుకుంటుంది.

విదేశాల్లో ఉన్న పిల్లలు కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉన్న తల్లిదండ్రులకు పూలు పంపేటప్పుడు ఈ పోలిక మరో రూపం తీసుకుంటుంది. వెబ్‌సైట్‌లో కనిపించిన బొమ్మకూ ఇంటికి చేరిన బొకేకూ పోలిక లేకపోవడానికి తరచూ కారణం, ఆర్డరు తీసుకునేవారు ఒకరు, కట్టేవారు మరొకరు కావడం. తల్లిదండ్రులు ఉండే వీధికి దగ్గరలోని పూల దుకాణం నంబరు బంధువుల ద్వారా తెలుసుకుని నేరుగా మాట్లాడండి. కాడలు పొడవుగా ఉంచి చేత్తో కట్టమని, ఎండ ముదరకముందే ఉదయం అందించమని, పంపేముందు ఫొటో పెట్టమని అడగండి. ఏ పూలు లేకపోతే వాటికి బదులు ఏవి పెట్టాలో కూడా మీరే చెప్పండి. అమ్మకు తలలో పెట్టుకోవడానికి నాలుగు మూరల మల్లెపూలు కూడా ఆ పొట్లంలోనే వేయమంటే, వేసవి అయితే, ఏ దుకాణదారూ కాదనడు.